రాత్రి 9:45కు కంప్యూటర్ తనంతట తానే పని చేయాలంటే: విండోస్‌లో ఏ స్క్రిప్టు, ఏ ఏర్పాటు?

స్క్రిప్టు అంటే కంప్యూటర్ వరుసగా చేయాల్సిన పనులు రాసిపెట్టిన ఫైల్. దాన్ని రాయడానికి బ్యాచ్ ఫైల్ చాలా, పవర్‌షెల్ నేర్చుకోవాలా, పైథాన్ మేలా అని అడిగేవారిని నేను ముందు ఒక మాట అడుగుతాను. ఆ పని నడిచే వేళకు కంప్యూటర్ ముందు మనిషి ఉంటాడా? జవాబు వినేసరికి సగం ఎంపిక అయిపోతుంది. రెండో మాట కూడా అడుగుతాను. రేపు మీరు ఆ ఉద్యోగంలో లేకపోతే, ఆ స్క్రిప్టు తెరిచి చదవగలిగేది ఎవరు? మిగతా సగం అక్కడ తేలుతుంది.

హైదరాబాద్‌లో నాకు తెలిసిన మూడు చోట్లను తీసుకుంటాను. బేగంబజార్‌లో ఒక హోల్‌సేల్ దుకాణం ఉంది. రాత్రి తొమ్మిదిన్నరకు షట్టర్ దించుతారు. ఆ తర్వాత లెక్కల ఫోల్డరు బయటి హార్డ్ డిస్క్‌కూ, పై అంతస్తులో ఉన్న ఇంకో కంప్యూటర్‌కూ కాపీ కావాలి. అప్పటికి అక్కడ ఎవరూ ఉండరు. హిమాయత్‌నగర్‌లో ఒక ఆడిట్ ఆఫీసు ఉంది. క్లయింట్లు పంపే అమ్మకాల ఎక్సెల్ ఫైళ్లన్నీ ఒక చోట చేర్చి, తేడాలు పట్టుకోవాలి. ప్రతి నెలా 11వ తేదీకి జీఎస్‌టీఆర్-1, 20వ తేదీకి 3బీ అన్న జీఎస్‌టీ రిటర్నులు వేయాల్సి ఉంటాయి కాబట్టి అంతకు ముందే అయిపోవాలి. ఇది పగటి పని, మనిషి పక్కనే ఉంటాడు, కానీ లెక్క ఎక్కువ. మూడోది మాదాపూర్‌లో ఒక బృందం. వాళ్లు చూసుకునే సర్వర్లు అమెరికాలో ఉన్నాయి. జరిగిన పనులు నమోదయ్యే పాత లాగ్ ఫైళ్లు తుడవడం, రిపోర్టులు పంపడం వాటి మీద అర్ధరాత్రి జరగాలి.

ఈ మూడింటికీ ఒకే మందు పనికిరాదు. పని చేసేది స్క్రిప్టు, దాన్ని వేళకు లేపేది షెడ్యూలర్. చాలామంది మొదటిదాని మీద పది రోజులు ఆలోచించి, రెండోదాన్ని పది నిమిషాల్లో ముగిస్తారు. నేను సరిచేయడానికి వెళ్లిన చోట్ల తప్పు ఎక్కువగా రెండోదానిలోనే దొరికింది. అందుకే ఇక్కడ రెండింటి గురించీ రాస్తున్నాను, రెండోదాని గురించి కొంచెం ఎక్కువగానే.

బ్యాచ్ ఫైల్: రెండు మూడు వాక్యాల పనికి

డాస్ కాలం నుంచి వస్తున్న బ్యాచ్ ఫైల్‌ను తక్కువ చేసి చూడనక్కరలేదు. నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే ఎవరికైనా కనిపిస్తుంది, ఏ విండోస్‌లోనైనా నడుస్తుంది, ఇన్‌స్టాల్ చేయాల్సింది ఏమీ లేదు. ఒక ఫోల్డరును ఇంకో చోటికి కాపీ చేయడం, ఒక ప్రోగ్రామును తెరవడం వంటి పనికి ఇది చాలు. కాపీకి విండోస్‌తోనే వచ్చే రోబోకాపీని వాడండి. మారిన ఫైళ్లనే తీసుకెళ్తుంది, సమయం ఆదా అవుతుంది.

అయితే రోబోకాపీలో ఒక విషయం తెలియక బేగంబజార్ దుకాణంలో మూడు రాత్రుల బ్యాకప్ పోయింది. పై అంతస్తు కంప్యూటర్‌లో ఎవరో లెక్కల ఫైల్ తెరిచి అలాగే వదిలేసి ఇంటికి వెళ్లారు. ఫైల్ దొరక్కపోతే మళ్లీ ప్రయత్నించడం రోబోకాపీ పద్ధతి. మనం ఏమీ చెప్పకపోతే ఎన్నిసార్లు ప్రయత్నిస్తుందో తెలుసా? 10 లక్షల సార్లు, సారికి సారికి మధ్య 30 సెకన్ల విరామంతో. లెక్క వేస్తే 347 రోజులు. అంటే ఆ రాత్రి మొదలైన పని పూర్తి కాలేదు, ఆగనూ లేదు. మర్నాడు రాత్రి 9:45 అయింది. ఒక పని నడుస్తుండగా అదే పనిని రెండోసారి మొదలుపెట్టకూడదన్నది విండోస్‌తోనే వచ్చే షెడ్యూలర్ అయిన టాస్క్ షెడ్యూలర్‌లో ముందే ఉండే నియమం. కాబట్టి ఆ రాత్రి బ్యాకప్ మొదలే కాలేదు. ఆ మర్నాడూ అంతే. మూడు రోజులు దాటిన పనిని ఆపేయమన్న నియమం కూడా ముందే ఉంటుంది, అది ఆపితే తప్ప ముడి విడలేదు. ఆ మూడు రోజులూ యజమాని తెర మీద చూసింది 'రన్నింగ్' అన్న మాట. నడుస్తోందంటే బాగుందనే కదా అనుకుంటాడు!

రెండు సార్లు ప్రయత్నించు, మధ్య ఐదు సెకన్లు ఆగు అని 'ఆర్', 'డబ్ల్యూ' స్విచ్‌లతో, అంటే ఆదేశం చివర చేర్చే గుర్తులతో, చెప్పి ఉంటే ఇదంతా జరిగేది కాదు. షెడ్యూలర్‌లో కూడా మూడు రోజుల గడువును రెండు గంటలకు తగ్గించాను.

రోబోకాపీలో ఇంకొకటి ఉంది. సాధారణంగా ప్రోగ్రాము ముగిసేటప్పుడు 0 తిరిగి ఇస్తే సఫలం, వేరే అంకె ఇస్తే విఫలం. రోబోకాపీ లెక్క వేరు. 0 అంటే కాపీ చేయాల్సింది ఏమీ లేదని, 1 అంటే ఫైళ్లు చక్కగా కాపీ అయ్యాయని. 8, అంతకు మించి వస్తేనే ఏదో చెడినట్టు. టాస్క్ షెడ్యూలర్‌కు ఈ లెక్క తెలియదు, అది '0ఎక్స్1' అని చూపిస్తుంది. మామూలు బ్యాచ్ ఫైల్ విఫలమైనా చాలాసార్లు అదే అంకె కనిపిస్తుంది. కాబట్టి చివర్లో ఒక వాక్యం రాయాలి: 8 కంటే తక్కువ వస్తే 0తో ముగించు, లేకపోతే వచ్చిన అంకెతోనే ముగించు.

'మిర్' అన్న స్విచ్‌తో మరింత జాగ్రత్త. ఇక్కడ లేని ఫైల్ అక్కడా లేకుండా చేయడం దాని పని. మధ్యాహ్నం ఎవరో పొరపాటున ఒక ఫోల్డరు తుడిచేస్తే, రాత్రి బ్యాకప్‌లోంచి కూడా అది పోతుంది. వైరస్ ఫైళ్లకు తాళం వేసినా, రాత్రికి ఆ తాళం వేసిన ఫైళ్లే బ్యాకప్‌లోకి చేరతాయి. తేదీ పేరుతో రోజుకో ఫోల్డరు చేసుకోవడం దీనికి మందు.

ఆ తేదీ దగ్గరే బ్యాచ్ ఫైల్ చేతులెత్తేస్తుంది. తేదీని ఒక వాక్యంగా తీసుకుని, మొదటి ఆరు అక్షరాలు వదిలి తర్వాతి నాలుగింటిని సంవత్సరంగా కోసుకునే పాత కిటుకు ఒకటి ఉంది. భారతీయ పద్ధతిలో '25-12-2025' అని ఉంటే సరిగ్గా 2025 వస్తుంది. అదే ఫైల్‌ను షెడ్యూలర్ సిస్టమ్ ఖాతా (విండోస్ తన సొంత పనులకు వాడుకునే ఖాతా) కింద నడిపితే, ఆ ఖాతాకు అమెరికా పద్ధతి ఉండవచ్చు. అప్పుడు తేదీకి ముందు వారం పేరు మూడక్షరాల్లో వస్తుంది, నెల ముందుకు వస్తుంది, మధ్యలో ఏటవాలు గీతలు వస్తాయి. అదే కోత కోస్తే 2025 బదులు '/25/' చేతికి వస్తుంది. ఫోల్డరు పేరులో ఆ గీత ఉండకూడదు. మీరు మీ లాగిన్‌లో పదిసార్లు పరీక్షించినా ఈ తప్పు బయటపడదు. తేదీ కావాలంటే బ్యాచ్ వదిలి పవర్‌షెల్‌కు వెళ్లండి, ఇది నా ఖరాఖండి సలహా.

విబి స్క్రిప్టు: కొత్తగా మొదలుపెట్టవద్దు

పాత ఆఫీసుల్లో ఇంకా విబి స్క్రిప్టులు నడుస్తున్నాయి. 1996లో వచ్చిన ఈ భాషను విరమించుకుంటున్నట్టు మైక్రోసాఫ్ట్ 2023 అక్టోబరులో ప్రకటించింది. విండోస్ 11లో 24హెచ్2 అన్న వెర్షన్ నుంచి అది అవసరమైతే ఉంచుకునే అదనపు భాగంగా మారింది. ప్రస్తుతానికి ఉంటుంది, తర్వాతి దశల్లో తీసేస్తారు. మీ దగ్గర అలాంటివి ఉంటే ఏ ఫోల్డర్లో ఎన్ని ఉన్నాయో ఇప్పుడే రాసిపెట్టుకుని, ఒక్కొక్కటీ మార్చుకోండి.

పవర్‌షెల్: ఎక్కువ మందికి నా సలహా ఇదే

2006లో వచ్చిన పవర్‌షెల్ విండోస్ నిర్వహణ కోసమే పుట్టింది. విండోస్ 10లోనూ 11లోనూ 5.1 వెర్షన్ ముందే ఉంటుంది. విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది కాబట్టి చాలా దుకాణాలు కంప్యూటర్లు మార్చుకుంటున్నాయి. 5.1లో రాసిన స్క్రిప్టును కొత్త కంప్యూటర్‌కు తీసుకెళ్తే మార్పు లేకుండా నడుస్తుంది. పవర్‌షెల్ 7 విడిగా ఇన్‌స్టాల్ చేసుకోవాలి, దాని ప్రోగ్రాము పేరు కూడా వేరు. దాని వేగం, కొత్త సదుపాయాలు మాదాపూర్ బృందానికి పనికొస్తాయి. దుకాణానికి 5.1 చాలు.

తేదీని మనకు కావలసిన ఆకారంలో ఒక్క ముక్కలో ఇస్తుంది, ఏ ఖాతా కింద నడిచినా అదే ఆకారం. 30 రోజులు దాటిన ఫోల్డర్లను వెతికి తుడవడం ఒక్క వాక్యం. డిస్క్‌లో ఎంత ఖాళీ ఉందో చూసి, చాలకపోతే పని మొదలుపెట్టకుండా ఆపడం ఇంకో రెండు వాక్యాలు. రోబోకాపీని కూడా ఇందులోంచే పిలవవచ్చు, నేను అలాగే చేస్తాను.

తెలుగు వాడేవారికి ఇందులో ఒక ప్రత్యేక చిక్కు ఉంది. అన్ని భాషల అక్షరాలకూ చోటిచ్చే యూనికోడ్ రాకముందు విండోస్ వాడిన పాత అక్షర పట్టికల్లో తెలుగుకు చోటే లేదు. పవర్‌షెల్ 5.1కు ఒక స్క్రిప్టు ఫైల్ ఇస్తే, అది యూటీఎఫ్-8 (యూనికోడ్ అక్షరాలను ఫైల్‌లో రాసే పద్ధతి) అని చెప్పే గుర్తు ఫైల్ మొదట్లో లేకపోతే, పాత పట్టిక ప్రకారమే చదువుతుంది. 'అమ్మకాలు' అన్న ఫోల్డరు పేరు స్క్రిప్టులో రాసి ఉంటే అది పిచ్చి గీతలుగా మారి, ఫోల్డరు దొరకలేదన్న తప్పు వస్తుంది. నోట్‌ప్యాడ్‌లో సేవ్ చేసేటప్పుడు అడుగున ఉండే ఎన్‌కోడింగ్ పెట్టెలో 'యూటీఎఫ్-8 విత్ బామ్' ఎంచుకుంటే సమస్య తీరిపోతుంది. తెలుగు పేర్లను వదులుకోవాల్సిన పని లేదు. ఫైళ్లకు తెలుగు పేర్లు పెట్టుకునే దుకాణాలంటే నాకు గౌరవం, వాళ్లు యంత్రం కోసం భాష మార్చుకోకూడదు.

స్క్రిప్టులు నడవకుండా మామూలు విండోస్‌లో ముందే ఒక కట్టడి ఉంటుంది. ఈ ఒక్క పని వరకు బైపాస్ (కట్టడి పట్టించుకోవద్దు) అని షెడ్యూలర్‌లోనే చెప్పవచ్చు, లేదా కంప్యూటర్ మొత్తానికి 'రిమోట్ సైన్డ్' (బయటినుంచి దింపుకున్న స్క్రిప్టుకు మాత్రం డిజిటల్ సంతకం ఉండాలి) పెట్టవచ్చు. ఆ కట్టడి పొరపాటును ఆపుతుంది, దొంగను ఆపదు. అసలు కాపలా ఫోల్డరు అనుమతుల దగ్గర ఉండాలి. ఎక్కువ అధికారాలున్న సిస్టమ్ ఖాతా కింద నడిచే స్క్రిప్టు అందరూ రాయగలిగే ఫోల్డర్లో ఉంటే, ఆ కంప్యూటర్ ముందు కూర్చున్న ఎవరైనా అందులో ఒక వాక్యం చేర్చి యంత్రం మొత్తాన్ని చేతిలోకి తీసుకోగలరు. అడ్మినిస్ట్రేటర్ తప్ప ఇంకెవరూ మార్చలేని ఫోల్డర్లో పెట్టండి.

మరొకటి: పవర్‌షెల్ చాలా తప్పులను తెర మీద ఎర్ర అక్షరాల్లో చూపించి, తర్వాతి వాక్యానికి వెళ్లిపోతుంది. రాత్రి ఆ ఎర్ర అక్షరాలు చూసేవారు లేరు. కాపీ విఫలమైనా కింది వాక్యం పాత బ్యాకప్‌ను తుడిచేస్తే పరిస్థితి ఏమవుతుంది? స్క్రిప్టు మొదటి వాక్యంలోనే తప్పు వస్తే ఆగిపో అని చెప్పాలి. 'ఎర్రర్ యాక్షన్ ప్రిఫరెన్స్' విలువను 'స్టాప్' చేయడం అంటే అదే. అయితే రోబోకాపీ లాంటి బయటి ప్రోగ్రాములకు ఇది వర్తించదు. వాటి తిరుగు అంకెను మనమే చూసుకోవాలి.

పైథాన్: లెక్క ఎక్కువైతే

అమీర్‌పేటలో కోర్సు చేసి వచ్చిన కుర్రవాళ్లు చాలామంది పైథాన్‌తోనే మొదలుపెడతారు. ఆడిట్ ఆఫీసు పనికి నేనూ అదే చెబుతాను. 40 ఎక్సెల్ ఫైళ్లు కలపడం, ఇన్‌వాయిస్ నంబర్లు రెండుసార్లు వచ్చాయేమో చూడడం, జీఎస్‌టీ నంబరులో 15 అక్షరాలు ఉన్నాయో లేదో చూడడం పాండాస్, ఓపెన్‌పైఎక్సెల్ అన్న పైథాన్ లైబ్రరీలతో హాయిగా సాగుతాయి. పవర్‌షెల్‌లో ఇదే పని చేయవచ్చు కానీ చదివేవాడికి కష్టం.

ఎక్సెల్ ప్రోగ్రామునే తెరిచి, దాని చేత పని చేయించే పద్ధతి కూడా ఉంది. మనిషి ఎదురుగా ఉన్నప్పుడు అది సరే. లాగిన్ లేని వేళ నడిచే పనికి మాత్రం వద్దు. ఎక్సెల్ ఏదో ఒక చిన్న పెట్టె చూపించి 'ఓకే' కోసం కాచుకుని కూర్చుంటుంది, ఆ పెట్టె ఎవరికీ కనిపించదు. మనుషులు లేని చోట ఆఫీస్ ప్రోగ్రాములను ఇలా నడపవద్దని మైక్రోసాఫ్టే చెబుతోంది.

పైథాన్ విండోస్‌తో రాదు. కమాండ్ విండోలో పైథాన్ అని కొట్టినప్పుడు స్టోర్ తెరుచుకుందంటే అది ఇంకా ఇన్‌స్టాల్ కాలేదనే. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు 'అందరు యూజర్లకూ' అన్న ఎంపిక తీసుకోండి. లేకపోతే అది మీ ఒక్కరి ఫోల్డర్లోకి వెళ్తుంది, వేరే ఖాతా కింద నడిచే పనికి దొరకదు. షెడ్యూలర్‌లో ఉత్త పేరు కాకుండా ప్రోగ్రాము ఉన్న పూర్తి దారి రాయండి. పైథాన్ వెర్షన్ మారితే ఆ ఫోల్డరు పేరు కూడా మారవచ్చు, అప్పుడు పాత దారి పనిచేయదు. తెలుగు చిక్కు ఇక్కడా ఉంది. కమాండ్ విండోలో తెలుగు పేరు చక్కగా ముద్రించిన స్క్రిప్టు, ఆ ముద్రణను లాగ్ ఫైల్‌లోకి మళ్లించగానే పాత అక్షర పట్టికకు దిగి తప్పుతో ఆగిపోవచ్చు. ఫైల్ తెరిచే ప్రతి చోటా యూటీఎఫ్-8 అని రాయండి, ముద్రణకు కూడా అదే పెట్టండి.

ఒక మనిషి మీద ఆధారపడిన దుకాణానికి పైథాన్ ఇవ్వడం నాకు ఇష్టం లేదు. ఆ కుర్రవాడు వేరే ఉద్యోగానికి వెళ్లిపోతే, బేగంబజార్‌లో దాన్ని ముట్టుకునేవారు ఉండరు.

తెర మీద క్లిక్ చేయించే పద్ధతి: ఇంకే దారీ లేనప్పుడు

పవర్ ఆటోమేట్ డెస్క్‌టాప్ విండోస్ 11లో ఉచితంగా వస్తుంది. కోడ్ రాయకుండానే ఇక్కడ నొక్కు, అక్కడ టైపు చేయి అని పేర్చుకోవచ్చు. చూడడానికి ముచ్చటగా ఉంటుంది. కానీ ఉచిత వెర్షన్‌లో వేళకు తనంతట తానే మొదలయ్యే సదుపాయం లేదు, ఎవరో ఒకరు బటన్ నొక్కాలి. వేళ పెట్టుకోవాలంటే డబ్బు కట్టే ప్లాన్ తీసుకోవాలి. ఇలాంటి పనికే ఉన్న ఇంకో ప్రోగ్రాము ఆటోహాట్‌కీ పూర్తిగా ఉచితం, షెడ్యూలర్‌తో కలుస్తుంది కూడా. అయితే తెర మీద క్లిక్ చేయాలంటే యూజర్ లాగిన్ అయి ఉండాలి, తెరకు తాళం పడి ఉండకూడదు. తాళం వేయని కంప్యూటర్‌ను రాత్రంతా వదలడం దుకాణంలోనే మంచిది కాదు, ఆఫీసులో అసలే కాదు.

ఎగుమతి చేసే దారి లేని పాత బిల్లింగ్ ప్రోగ్రాము ఉన్నప్పుడు, మనిషి ఎదురుగా ఉండి చూసుకుంటానంటేనే దీన్ని ఎంచుకోండి. ఓటీపీ, క్యాప్చా అడిగే ప్రభుత్వ పోర్టళ్ల మీద ప్రయత్నించవద్దు. మనిషే చేయాలని పెట్టిన మెట్టు అది.

లేపేది ఎవరు?

స్టార్టప్ ఫోల్డర్లో పెట్టవచ్చు. అప్పుడు లాగిన్ అయిన ప్రతిసారీ నడుస్తుంది, లాగిన్ కాకపోతే నడవదు. పైథాన్‌లో అంతులేని లూప్ రాసి, గంటకోసారి లేచేలా చేయవచ్చు. విండో మూసిన మరుక్షణం అది పోతుంది. సర్వీసుగా, అంటే విండోస్ వెనక ఎప్పుడూ నడిచే ప్రోగ్రాముగా, మార్చడం రోజంతా కాపలా కాసే పనికి తగును, రోజుకోసారి చేసే పనికి అంత హంగామా అక్కరలేదు. ఇవన్నీ పక్కన పెట్టి టాస్క్ షెడ్యూలర్ వాడండి. హోమ్ ఎడిషన్‌తో సహా అన్ని విండోస్‌లలోనూ ఉంటుంది. వేళకే కాదు, కంప్యూటర్ తెరవగానే, లాగిన్ కాగానే, ఫలానా సంఘటన నమోదు కాగానే కూడా పని మొదలుపెట్టగలదు. నెల చివరి రోజు అన్న ఎంపిక కూడా ఉంది కాబట్టి 28, 30, 31 లెక్కలు మనకు అక్కరలేదు.

ఇక అందులో ముందే టిక్ పెట్టి ఉండే పెట్టెల సంగతి. కరెంటు మీద ఉంటేనే మొదలుపెట్టు, బ్యాటరీకి మారితే ఆపేయి అన్న రెండింటికీ టిక్ ఉంటుంది. మే నెల సాయంత్రం ఈదురుగాలి వీస్తే మన ఊళ్లో కరెంటు పోవడం మామూలే. ల్యాప్‌టాప్ అయితే ఆ క్షణంలోనే పని ఆగిపోతుంది. డెస్క్‌టాప్‌కు ఈ బాధ లేదనుకుంటారు. కానీ యూపీఎస్‌ను యూఎస్‌బీ తీగతో కంప్యూటర్‌కు కలిపి ఉంటే విండోస్ దాన్ని కూడా బ్యాటరీగానే చూస్తుంది. చిన్న బ్యాకప్‌కు ఈ రెండు టిక్‌లూ తీసేయండి. గంటసేపు పట్టే పెద్ద పనికి, యూపీఎస్ పది నిమిషాలే నిలబడేదైతే, అలాగే ఉంచండి.

వేళ తప్పిపోతే వీలైనంత త్వరగా నడుపు అన్న పెట్టెకు మాత్రం టిక్ ఉండదు. రాత్రి 9:45కు కంప్యూటర్ ఆపేసి ఉంటే ఆ రోజు బ్యాకప్ పోయినట్టే. ఆ టిక్ పెడితే, పొద్దున తెరిచాక కొద్ది నిమిషాలకు నడుస్తుంది. నిద్రలో ఉన్న కంప్యూటర్‌ను లేపే ఎంపిక కూడా ఉంది. అది నిద్రకే, పూర్తిగా ఆపేసిన యంత్రాన్ని అది లేపలేదు.

ఖాతా విషయం చాలామందికి అర్థం కానిది. యూజర్ లాగిన్ అయి ఉన్నా లేకున్నా నడపాలంటే షెడ్యూలర్ పాస్‌వర్డ్ అడుగుతుంది. పిన్ ఇస్తే కుదరదు, అసలు పాస్‌వర్డే కావాలి. దుకాణాల్లో చాలా కంప్యూటర్లకు పాస్‌వర్డే ఉండదు. ఖాళీ పాస్‌వర్డ్ ఉన్న ఖాతాను విండోస్ ఈ పనికి ఒప్పుకోదు. బయటి డిస్క్‌కు కాపీ చేయడం వరకే అయితే సిస్టమ్ ఖాతా పెట్టండి, పాస్‌వర్డ్ గొడవ ఉండదు. పక్క కంప్యూటర్‌కు కూడా వెళ్లాలంటే సిస్టమ్ ఖాతాను ఆ కంప్యూటర్ గుర్తించదు. రెండు కంప్యూటర్లలోనూ ఒకే పేరు, ఒకే పాస్‌వర్డ్‌తో బ్యాకప్ కోసం ఒక యూజర్‌ను సృష్టించి, ఆ ఖాతా కింద నడపండి. లాగిన్ లేనప్పుడు జడ్ డ్రైవ్ అని మీరు పెట్టుకున్న నెట్‌వర్క్ డ్రైవ్ ఉండదు. స్క్రిప్టులో ఆ కంప్యూటర్ పేరుతో మొదలయ్యే పూర్తి దారి రాయాలి. తర్వాత ఎప్పుడైనా ఆ పాస్‌వర్డ్ మారిస్తే షెడ్యూలర్‌లో కూడా మార్చాలి. '0ఎక్స్8007052ఇ' కనిపిస్తే ఆ పాస్‌వర్డ్ సరిపోలేదని అర్థం.

స్క్రిప్టు లోపల మాత్రం పాస్‌వర్డ్ రాయవద్దు. పవర్‌షెల్‌లో దాన్ని గుప్తంగా ఒక ఫైల్‌లో దాచే పద్ధతి ఉంది. కానీ దాచిన యూజర్, దాచిన కంప్యూటర్ రెండూ అవే అయితేనే అది మళ్లీ తెరుచుకుంటుంది. మీ లాగిన్‌లో దాచి, వేరే ఖాతా కింద పని నడిపితే తెరుచుకోదు.

ఏ ఫోల్డర్లో మొదలుపెట్టాలి అన్న గడిని ఖాళీగా వదిలితే స్క్రిప్టు విండోస్ సిస్టమ్32 ఫోల్డర్లో నిలబడి చూస్తుంది. మీ ఫైల్ పేరు ఒక్కటే రాసి ఉంటే దానికి దొరకదు. ఆ గడి నింపండి, కొటేషన్ గుర్తులు మాత్రం పెట్టవద్దు. పెద్ద కాపీలు చేత్తో నడిపినప్పటికన్నా షెడ్యూలర్‌లో నెమ్మదిగా అనిపిస్తే ఆశ్చర్యపోకండి. షెడ్యూలర్ పనులకు తక్కువ ప్రాధాన్యం ఇస్తుంది, పవర్‌షెల్ ద్వారా దాన్ని మార్చుకోవచ్చు.

మాదాపూర్ బృందానికి గడియారమే పెద్ద విషయం. అమెరికా తూర్పు తీరానికి మనం వేసవిలో 9:30 గంటలు, చలికాలంలో 10:30 గంటలు ముందుంటాం. మార్చి రెండో ఆదివారం, నవంబరు మొదటి ఆదివారం అక్కడ గడియారం మారుతుంది. మార్చిలో ఆ రోజు తెల్లవారుజామున 2 నుంచి 3 మధ్య గంట అసలే ఉండదు, నవంబరులో 1 నుంచి 2 మధ్య గంట రెండుసార్లు వస్తుంది. అక్కడి సర్వర్ మీద 1 నుంచి 3 మధ్య ఏ పనీ పెట్టకండి. ఇక్కడి వేళతో సరిపోవాలంటే టైమ్ జోన్‌లతో సమన్వయం చేసే పెట్టెకు టిక్ పెట్టండి. పది సర్వర్లకు చేత్తో పెట్టడం కూడా వద్దు, పవర్‌షెల్‌తోనే అన్నింటి మీదా ఒకేలా నమోదు చేయండి.

పని జరిగిందని ఎలా తెలుస్తుంది?

షెడ్యూలర్‌లో చరిత్ర నమోదు మొదట్లో ఆపేసి ఉంటుంది, కుడివైపు జాబితాలో ఉంది, మొదటి రోజే తెరిచి పెట్టండి. ఈమెయిలు పంపే పాత ఎంపికను మాత్రం విండోస్ 8 కాలంలోనే విరమించుకున్నారు, దాని మీద ఆధారపడవద్దు. నేను చేసేది చాలా చిన్న పని. స్క్రిప్టు చివర, అన్నీ సరిగ్గా ముగిస్తేనే, డెస్క్‌టాప్ మీద ఉన్న ఒక ఫైల్‌లో తేదీ, వేళ, ఎన్ని ఫైళ్లు, ఎంత సైజు అన్న ఒక్క వాక్యం తెలుగులో రాయిస్తాను. పొద్దున షట్టర్ ఎత్తి దీపం పెట్టాక యజమాని ఆ ఫైల్ తెరుస్తాడు. నిన్నటి తేదీ లేకపోతే ఫోన్ చేస్తాడు. విఫలమైతే చెప్పే ఏర్పాటు కన్నా, సఫలమైతేనే గుర్తు పెట్టే ఏర్పాటు నమ్మదగినది. స్క్రిప్టు మొదలే కాని రోజున విఫలమైందని చెప్పడానికి కూడా ఎవరూ ఉండరు.

అన్నీ పెట్టాక కుడి క్లిక్ చేసి 'రన్' నొక్కి, నడిచింది కదా అని వెళ్లిపోవద్దు. వేళను ఇప్పటి నుంచి ఐదు నిమిషాల తర్వాతకు మార్చి, లాగౌట్ అయి, బయట నిలబడి టీ తాగి రండి. ఇంకోసారి కంప్యూటర్ పూర్తిగా ఆపి, వేళ దాటాక తెరిచి చూడండి. మూడోసారి ఒక ఫైల్ తెరిచి ఉంచి నడపండి, యూపీఎస్ ప్లగ్ తీసి కూడా చూడండి. చివరగా బ్యాకప్‌లోంచి ఒక ఫోల్డరును వేరే కంప్యూటర్‌కు తెచ్చి, లెక్కల ప్రోగ్రాములో తెరిచి, నిన్నటి ఆఖరి బిల్లు నంబరు అందులో ఉందో లేదో యజమానిని పక్కన కూర్చోబెట్టుకుని చూడండి.